వెయ్యిలో పన్నెండు

గంపొలలో పొద్దున్నే ఆరింటికి
ఇంజను ఇంకా రాత్రి చలిలోనే ఉంటుంది.
అప్పుడే చెయ్యాలి ఈ పని,
టీ కూడా తర్వాతే అంటాడు పుంచిరాల బాస్.

రెండు నట్లు విప్పి మూత లేపితే
నూనెలో ఎనిమిది రాకర్లు,
గ్రూపు ఫొటోకి వరసగా కూర్చున్న పెద్దమనుషుల్లా
కొందరు తల వంచి, కొందరు ఎత్తి.

నేను ముందు నించుని హ్యాండిల్ తిప్పుతాను.
ప్లగ్గులు తీసేశాం కనక తేలిగ్గానే తిరుగుతుంది
నాలుగు గొంతులూ ఉత్త ఊపిరి వదుల్తూ.
"తొమ్మిది మర్చిపోకు ఇమేషా!"
ఎనిమిదోది పూర్తిగా కిందికి దిగిందా, ఒకటోది సరిచెయ్యి.
ఆరు దిగితే మూడు.
నాలుగైతే అయిదు. ఏడైతే రెండు.
ఒకటి అణిగి ఉన్నప్పుడే
దాని జోడు తీరిగ్గా ఉంటుంది.
ఏ బళ్ళోనూ చెప్పని ఈ ఎక్కం
నాకు నెల పట్టింది.

రాకరుకీ వాల్వు కాడకీ మధ్య ఎడం:
అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో పన్నెండు.
రేకు దూరాలి, ఊరికే దూరకూడదు.
నిద్రపోయే పిల్ల తల కింద నించి
చెయ్యి లాక్కున్నట్టు రావాలి.

శనివారం పెళ్ళికి బాడుగట.
తెల్ల మోరిస్ మైనర్‌ని తడుముతూ సిరిల్ ఎఫ్రామ్స్:
"ఆ టిక్ టిక్ ఉండకూడదు బాస్, వీడియోలో పడుతుంది."
"పడనీ," అన్నాడు బాస్.
"వేడెక్కితే కాడ సాగుతుంది.
సాగడానికి చోటివ్వకపోతే నోరు పూర్తిగా మూసుకోదు.
మూసుకోని నోట్లోంచి మంట పోతుంది, అంచు కాలుతుంది.
మాట్లాడే వాల్వుతో భయం లేదయ్యా.
నోరెత్తని దాని సంగతి
రంబొడ కొండెక్కేటప్పుడు తెలుస్తుంది."

అయినా బాస్ చెయ్యి పడ్డ ఇంజన్లే
ఊళ్ళో అన్నిటికన్నా మెత్తగా నడుస్తాయి.
హస్తవాసి, అంటారు.
అన్నప్పుడల్లా ఆయన
స్పానరు తుడుచుకుంటూ వినపడనట్టు నటిస్తాడు.

ఓ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే
పక్క లేతు షాపులో మైక్రోమీటరు అడిగి
ఊరికే, నిజంగా ఊరికే,
ఆ రేకుని దాని దవడల మధ్య పెట్టాను.
పిడి దగ్గర పన్నెండు.
కొన దగ్గర పదిన్నర.

నూనె తుడిచి మళ్ళీ చూశాను.
లుంగీ అంచుతో తుడిచి మళ్ళీ.
నలభై ఒక్కేళ్ళు జారీ జారీ
ఇనుముని ఇనుము తినేసింది.

ఎవరికీ చెప్పలేదు.
నా వారం కూలితో కొత్త సెట్టు కొని
పాత బిస్కెట్ల డబ్బాలో పాతదాని చోట పెట్టాను.

మర్నాడు ఒకటో వాల్వు దగ్గరే ఆగిపోయింది.
నిన్ననే బిగించిన సందు, రేకు దూరనంది.
బాస్ నన్ను చూడలేదు.
రేకుని బొటనవేలితో నెమ్మదిగా నిమిరాడు.
"పాతదేదీ?"
జేబులోంచి తీసిచ్చాను.
రెండిటినీ పక్కపక్కన పెట్టి వెలుతురుకెత్తాడు.
మహావెలి మీద మంచు పూర్తిగా కరిగిపోయేదాకా
అలాగే నించున్నాడనిపించింది.

"తెన్నకోన్ మాస్టారి బండికి నాలుగోది కాలింది,"
అన్నాడు చివరికి.
"పెట్రోలుని తిట్టాను.
ఆ నర్సమ్మ బండికి ఎనిమిదోది.
అప్పుడు నర్సమ్మనే తిట్టాను."

తర్వాత లాక్‌నట్ వదులు చేశాడు.
"తిప్పు."

శనివారం ఎఫ్రామ్స్ మొహం చిట్లించాడు:
"చప్పుడు పెరిగిందే?"
"పెరిగింది."
అంతే. డబ్బులు తీసుకోలేదు.

పాత రేకు మీద మేకుతో ఏదో గీకి
మళ్ళీ డబ్బాలోనే వేశాడు.
పదిన్నర అనే అయ్యుంటుంది, నేను చూడలేదు.
సాయంత్రం జిడ్డు మరకల నోటు పుస్తకం తెరిచి
ఒక్కో నంబరే వేలితో పట్టుకుంటూ
ఫోను చెవికి ఆనించాడు.

"నేను, గంపొల బాస్‌ని.
ఓసారి బండి తీసుకురండి.
లేదు, ఏం చెడిపోలేదు.
పొద్దున్నే రండి. చల్లగా ఉన్నప్పుడు."